బి విటమినులును పక్షవాతమును

రావులపాలెము అరటి మార్కెట్టులో గెలలు దిగుట కోనసీమవారికి నిత్యము కనబడు దృశ్యము. అరటిపండులో బి-6 విటమిను కలదని తెలిసినవారు కొందరు, "ఈ విటమినులు చాలినంత పుచ్చుకొన్నచో పక్షవాతము రాదా?" అని అడుగుచుందురు. ఈ ప్రశ్నకు సమాధానము వెదకుచు పోయినచో ముందుగా గోదావరి ప్రాంతపు శాస్త్రజ్ఞుడే ఒకరు ఎదురగుదురు.

1895లో భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు స్ప్రూ అను జీర్ణవ్యాధి వలన సోదరులను కోల్పోయిరి. తామును ఆ వ్యాధితో బాధపడిరి. అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో వారి నాయకత్వమున పనిచేసిన బృందము 1945లో ఫోలిక్ ఆమ్లమును కృత్రిమముగా తయారుచేసినది. బి విటమినులలో ఒకటియైన ఈ ఆమ్లము స్ప్రూకు మంచి ఔషధమైనది.

దీనికిని పక్షవాతమునకును సంబంధమేమి? మనము తిను మాంసకృత్తుల నుండి శరీరములో హోమోసిస్టీన్ అను పదార్థము పుట్టును. ఫోలిక్ ఆమ్లము, బి-12, బి-6 దానిని ఎప్పటికప్పుడు వేరు పదార్థములుగా మార్చుటకు తోడ్పడును. ఇవి కొరవడినచో అది రక్తమున పేరుకొనును. అది రక్తనాళములకు హాని చేయునని 1969లో కిల్మర్ మెకల్లీ అను అమెరికా వైద్యుడు సూచించెను. అది హెచ్చుగా ఉన్నవారిలో పక్షవాతము అధికమని తరువాతి పరిశీలనలలో కనబడినది.

కాని మాత్రలిచ్చి చూడగా ఫలితములు ఒకే తీరుగా లేవు. ఒకసారి పక్షవాతము వచ్చినవారిపై జరిపి 2004లో ప్రకటించిన పరీక్షలో, పెద్ద మోతాదు వలన ప్రయోజనము కనబడలేదు. 2015లో ప్రకటితమైన చైనా పరీక్షలో మాత్రము, 20,702 మంది రక్తపోటు రోగులలో, రక్తపోటు మందుతో పాటు ఫోలిక్ ఆమ్లము తీసికొన్నవారికి తొలి పక్షవాతము సుమారు అయిదవ వంతు తగ్గినది. ఆహారమున కొరత ఉన్నచోట మేలు హెచ్చని దీని వలన ఊహింపవచ్చును. అయితే అక్కడ ఎవ్వరును రక్తపోటు మందు మానలేదని మరువరాదు.

కావున మేము చెప్పునది ఇది: తోటకూర, పాలకూర, పెసలు, పప్పులు నిత్యము తినుడు, ఆకుకూర ఉడికిన నీరు పారబోయకుడు. బి-12 మొక్కలలో దొరకదు గనుక శాకాహారులు పాలు, పెరుగు విడువరాదు. వైద్యుని అడుగక ఫోలిక్ ఆమ్లమును మాత్రమే మ్రింగుచుండిన, బి-12 లోపము మరుగున పడి నరములు చెడవచ్చును. అన్నిటికి మించి, రక్తపోటును అదుపున ఉంచుకొనుడు. పొగ త్రాగుట మానుడు.

మూతి ఒక ప్రక్కకు తిరిగినను, చేయి పడిపోయినను, మాట తడబడినను పసరు మందులకై పరుగిడక, 108కి ఫోను చేసి వెంటనే ఆసుపత్రికి చేర్పుడు. గడ్డకట్టిన రక్తమును కరిగించు మందు సాధారణముగా నాలుగున్నర గంటలలోపలనే ఇయ్యవలెను. ఆ గడియలలో ఏ విటమినును అక్కరకు రాదు.