సెల్‌ఫోనును, ఊరి టవరును



ఈ దినములలో గ్రామములయందు తఱచుగా వినవచ్చు ఫిర్యాదు ఒకటి కలదు. ఫోనులో గీతలు నిండుగనే యున్నవి, బొమ్మ మాత్రము కదలదు అని. పింఛను సంగతి, పొలము పత్రము, ఎరువుల కొట్టు చెల్లింపు, పరదేశమందున్న మనుమరాలి ముఖము, ఇవన్నియు నేడు ఆ చిన్న పలకమీదికే చేరినవి గనుక దీనిని పిల్లల వినోదమునకు సంబంధించిన సంగతిగా త్రోసివేయరాదు. ఇంటిలోని పిన్నలు దీనికి వెంటనే చెప్పు ఉపాయము క్రొత్త ఫోను కొనవలెననుట. పంట అమ్మిన డబ్బులో పదునైదు, ఇరువది వేల రూపాయలు దానికి పోవును. ఆ సొమ్ము చేయి దాటకమునుపే, లోపము ఫోనులో నున్నదా, టవరులో నున్నదా యని తేల్చుకొను విధమును మనవి చేయదలచినాను.

మీలో పెక్కుమంది రేడియో పెట్టె నెరిగినవారు. హైదరాబాదు కేంద్రము మీడియంవేవుమీద 738 కిలోహెర్ట్జులవద్ద వినవచ్చెడిది. సిలోను వినవలెనన్న షార్టువేవు గల పెట్టె కావలసివచ్చెడిది. మీడియంవేవు మాత్రమే గల పెట్టె యెంత ఖరీదైనదైనను, దాని చెక్కకు ఎంత మెరుగు పెట్టినను, అందులో సిలోను షార్టువేవు పలికెడిది కాదు. సెల్‌ఫోను కూడ రేడియోయే. అయితే ఇది వినుటతో ఊరకుండక తిరిగి పలుకును. టవరు ఏ తరంగములపై మాటలాడుచున్నదో ఆ తరంగములను వినగల చెవి ఫోనునకు లేనియెడల, లోపల ఎన్ని కెమెరాలున్నను ప్రయోజనము లేదు. ఈ తరంగముల శ్రేణులనే బ్యాండులందురు.

బ్యాండులన్నియు ఒక్కతీరువి కావు. మన దేశములో వాడబడు 700 మెగాహెర్ట్జుల తరంగము పొడవు 43 సెంటీమీటర్లు, అనగా దాదాపు మూరెడు. 5జీ కై యెక్కువగా వాడు 3500 మెగాహెర్ట్జుల ప్రాంతపు తరంగము బెత్తెడు మాత్రమే. 26 గిగాహెర్ట్జులదైనచో అరంగుళమునకును లోపే. మూరెడు తరంగము చెట్లను, గోడలను ఓర్చుకొని మైళ్ల దూరము పోగలదు. బెత్తెడుది అంత దూరము పోజాలదు, స్లాబు ఇంటిలోనికి చొరబడుటయు కష్టమే. ఇక అరంగుళపు తరంగము ఆకు అడ్డమైనను నీరసించును. అది పట్టణములలో జనము గుమిగూడు చోట్లకే గాని పల్లెకు పనికివచ్చునది కాదని నా అభిప్రాయము.

అట్లయిన అన్ని టవరులను మూరెడు తరంగముతోనే నడపరాదా యని మీరడుగవచ్చును. చిక్కంతయు ఇక్కడనే యున్నది. దూరము పోవు బ్యాండులలో చోటు తక్కువ. 4జీ పద్ధతిలో, సామాన్యముగా రెండు యాంటెన్నాలు గల ఫోనునకు 20 మెగాహెర్ట్జుల వెడల్పు దొరకినచో, ఆదర్శస్థితిలో సెకనునకు 150 మెగాబిట్లు పారును. 5 మెగాహెర్ట్జులే దొరకినచో అందులో నాలుగవ వంతు. 3500 ప్రాంతములో నన్ననో ఒక్కొక్క సంస్థకు 100 మెగాహెర్ట్జుల వరకు కూడ చోటు కలదు. కాలువల సేద్యము చేయువారికి ఇది విప్పి చెప్పనక్కరలేదు. చివరి పొలమువరకు పోవునది సన్నని బోదె. వెడల్పయిన కాలువ ఊరి మొదటనే ఆగిపోయినది. పైగా ఆ బోదెలోని నీరు మీ ఒక్కరిది కాదు. ఆ టవరు ఆ దిక్కునకు పంపు ధారను ఆ దిక్కుననున్న ఫోనులన్నియు పంచుకొనవలసినదే. రాత్రి భోజనముల వేళ ఊరంతయు సినిమాలు చూచుచుండగా మీ వంతునకు చుక్కలే మిగులును. గీతలు టవరు గొంతు మీకెంత గట్టిగా వినబడుచున్నదో మాత్రమే చెప్పును. దానిచుట్టు ఎందరు మూగియున్నారో చెప్పవు.

కావున మొట్టమొదట చేయవలసినది ఒక చిన్న పరీక్ష. తెల్లవారుజామున ఐదు గంటలకొకసారి, రాత్రి ఎనిమిది గంటలకొకసారి ఒకే చోట నిలిచి వేగము చూడుడు. టెలికాం నియంత్రణ ప్రాధికార సంస్థవారు మైస్పీడ్ అను సాధనమును 2016 లో ఉచితముగా విడుదల చేసిరి. పిల్లలనడిగిన ఫోనులో పెట్టి యిత్తురు. తెల్లవారుజామున వేగముగను, రాత్రి మందముగను ఉన్నయెడల అది జనసమ్మర్దము. ఎంత ఖరీదు ఫోను కొన్నను అదే బోదె. రెండు వేళలను మందముగనే యుండి గీతలు నిండుగ నున్నచో, టవరును వెనుక ప్రపంచముతో కలుపు తీగెయో, తీగెకు బదులైన రేడియో లంకెయో చాలకపోవచ్చును; దానికిని మీ ఫోను కారణము కాదు. ఇక మూడవది ముఖ్యము. పొరుగువారి ఫోనులో అదే సంస్థ సిమ్ము ఉండి, అదే అరుగుమీద, అదే వేళ, అది చురుకుగను మీది మందముగను నడచినచో, అప్పుడు మీ ఫోనును అనుమానింపవలెను. ఒక్క దినపు ఫలితమును నమ్మక మూడు నాలుగు దినములు చూచుట మంచిది.

పొరుగువాని సంస్థ వేరై, వాని ఫోను బాగుగ నడచుచున్నయెడల, ఫోను మార్చుటకన్న సంస్థను మార్చుట చౌక. నంబరు మారకుండ సంస్థను మార్చుకొను హక్కు 2011 జనవరి 20 నుండి దేశమంతటను కలదు. 1900 అను సంఖ్యకు సందేశము పంపి ప్రారంభింపవచ్చును. ఉన్న సంస్థలో 90 దినములు గడచియుండవలెను. అంతకన్న జాగ్రత్త గలవారు రెండు సిమ్ముల ఫోనులో రెండవ సంస్థ సిమ్ము ఒక్క నెల పెట్టి చూతురు. నేనైతే ఇదియే చేయుమందును.

ఒకవేళ ఫోనుదే లోపమని తేలినదనుకొందము. అప్పుడు కొట్టులో ఏమి అడుగవలెను? మీ ఊరి టవరు ఏ బ్యాండులపై పలుకునో అవి ఇందులో కలవా యని అడుగవలెను. జియో సంస్థ 2016 సెప్టెంబరులో వ్యాపారమారంభించినప్పుడు 4జీ తప్ప మరియొకటి పెట్టలేదు. 850, 1800, 2300 బ్యాండులపై నడపెను. చేతిలోని 3జీ ఫోనులు దానికి పనికిరాక పోయినవి. భారత సంచార నిగము, అనగా బీఎస్ఎన్ఎల్, స్వదేశములో తయారైన యంత్రములతో నిర్మించిన 4జీ ని 2025 సెప్టెంబరు 27 న ప్రధానమంత్రి ప్రారంభించిరి. అది ముఖ్యముగా 700, 2100 బ్యాండులది. ఇందులో 700 ది బి-28 అని పిలువబడును. ఒకప్పుడు మన దేశములో అమ్మిన కొన్ని 4జీ ఫోనులకు ఈ బి-28 లేదు. అట్టి ఫోను పట్టుకొని టవరు క్రిందనే నిలిచినను ఆ 700 వినబడదు. ఇంకొక మెలిక కూడ కలదు. 5జీ లో 700 మెగాహెర్ట్జుల బ్యాండును ఎన్-28 అందురు. ఎన్-28 కలదు గనుక బి-28 యు ఉండునని కొట్టువాడనిన నమ్మవలదు. రెండక్షరములను వేరువేరుగ చూపుమనుడు.

5జీ అను ముద్రనుగూర్చి ఒక మాట. మన దేశములో అది 2022 అక్టోబరు 1 న ప్రారంభమయ్యెను. జియో స్వతంత్రమైన 5జీ పద్ధతిని, ఎయిర్‌టెల్ మొదట 4జీ ఆధారముగా నిలుచు పద్ధతిని చేపట్టినవి. ఆనాడు 5జీ ముద్రగల ఖరీదు ఫోనులు పెక్కింటికి ఇచటి 5జీ అందలేదు. తయారీదారులు లోపలి ప్రోగ్రామును సవరించి పంపువరకు ఆగవలసివచ్చినది. ఐఫోనులకు ఆ సవరణ 2022 డిసెంబరులో వచ్చినది. ముఖములు చూచుచు మాటలాడుటకు సెకనునకు ఒకటి రెండు మెగాబిట్లు తెగకుండ వచ్చిన చాలును. మీ ఊరికి 5జీ రానిచో, దానికై అధికముగ చెల్లించుట తొందరపాటే.

పైకి ఒకటే పేరుగల ఫోనులు లోపల వేరు కావచ్చును. 2016 నాటి ఐఫోను 7 లో కొన్నింటికి క్వాల్‌కామ్ సంస్థ మోడెమును, కొన్నింటికి ఇంటెల్ సంస్థ మోడెమును అమర్చిరి. మోడెమనగా తరంగమును డేటాగా, డేటాను తరంగముగా మార్చు చిప్పు. సిగ్నలు బలముగనున్న చోట భేదము స్వల్పము. సిగ్నలు సన్నగిల్లిన చోట మొదటిదే మేలని పరీక్షించినవారు చూపిరి. పల్లెవాసులకు కావలసినది ఈ రెండవ చోటి సంగతియే గదా! యాంటెన్నా సంగతియు అట్టిదే. 2010 లో వచ్చిన ఐఫోను 4 నకు చుట్టునున్న లోహపు అంచే యాంటెన్నా. దిగువ ఎడమ మూలనున్న సందును అరచేయి తాకగానే సిగ్నలు పడిపోయెడిది. ఆ జూలైలో సంస్థవారు ఉచితముగా తొడుగులు పంచిపెట్టిరి. ఈనాటికిని చేయి పట్టు విధమును, లోహపు తొడుగును మార్చి చూచుట కానిఖర్చు లేని పరీక్ష.

మనుమరాలి మాట మీకు స్పష్టముగ వినబడుచు, మీ మాట మాత్రము ఆమెకు తెగితెగి వినబడుచున్నదా? టవరు పదుల వాట్ల బలముతో పలుకును. మీ ఫోను గొంతు సాధారణముగ వాట్టులో అయిదవ వంతు. అది మీకు వినబడుచున్నది, మీరు దానికి వినబడుట లేదు. అట్టి చోట ఫోను తన శక్తికొలది అరచుచుండును గనుకనే బ్యాటరీయు త్వరగా దిగును, వెచ్చబడును. మేడమీదికో, కిటికీవద్దకో జరుగుట దీనికి మొదటి చికిత్స.

టవరుల సంగతి తెలియుటకు ఇప్పుడొక సౌకర్యమేర్పడినది. 2024 నాటి నిబంధనలను బట్టి సంస్థలన్నియు తమ సేవ ఎచ్చట అందునో చూపు పటములను ఇంటర్నెట్టులో ప్రకటింపవలెను. రాష్ట్రము 2014 లో రెండైనను, టెలికాం లెక్కలో తెలంగాణము, ఆంధ్రము నేటికిని ఆంధ్రప్రదేశ్ అను ఒక్క సర్కిలే. వెదకునప్పుడు ఇది గుర్తుంచుకొనుడు. పటములో రంగు ఉన్నంత మాత్రమున పెరటి గదిలో సిగ్నలుండునని కాదు.

కడపట, అమెరికానుండి కుమారులు పంపు ఫోనులు. 2022 లో వచ్చిన ఐఫోను 14 మొదలు, అచ్చట అమ్ము ఐఫోనులకు సిమ్ము పెట్టు అరయే లేదు. మీ సంస్థవారు ఇ-సిమ్మును, అనగా కార్డు లేకయే ఫోనులో నమోదగు సిమ్మును, ఇచ్చిననే అది పలుకును. వాయిదాలమీద కొన్న ఫోనులకు అచ్చటి సంస్థలు తాళము వేయుట కూడ కలదు; ఆ తాళము తీయకున్న మన సంస్థల సిమ్ము చెల్లదు. దానిని విప్పించుట కొన్న సంస్థవద్దనే సులభము. కాబట్టి ఫోనును పెట్టెలో సర్దకమునుపే, తాళము తీయించితివా, మన ఊరి బ్యాండులు అందులో కలవా యని అబ్బాయిని అడుగుడు.