అక్క పెళ్లికి వెళ్లి రావచ్చా?

అమెరికాలో చదువుకుంటున్న మన పిల్లలు ఏటా శీతాకాలం సెలవుల ముందు అడిగే ప్రశ్న ఒకటే: ఇంటికి వెళ్తే మళ్లీ రానిస్తారా? అడిగే వరసే తలకిందులుగా ఉంటుంది. ముందు టికెట్ కొంటారు. తర్వాత వాట్సాప్ గ్రూపులో అడుగుతారు. అక్కడ పదిమంది పదకొండు రకాలుగా చెప్పాక, యూనివర్సిటీలోని అంతర్జాతీయ విద్యార్థుల ఆఫీసుకు మెయిల్ పెడతారు. అప్పటికి ఆ ఆఫీసుకూ సెలవులిచ్చేసి ఉంటారు.

గందరగోళానికి మూలం ఒకటే. అమెరికాలో ఉండటానికి ఒక లెక్క, అమెరికాలోకి రావడానికి ఇంకో లెక్క. పాస్‌పోర్టులో అంటించే ఎఫ్-1 వీసా మనల్ని గుమ్మం దాకా తీసుకెళ్తుంది, అంతే. లోపలికి రానివ్వాలా వద్దా అన్నది కౌంటర్లో కూర్చున్న ఇమిగ్రేషన్ అధికారి ఇష్టం. 2015 డిసెంబరులో ఇది మనవాళ్లకు బాగా తెలిసొచ్చింది. కాలిఫోర్నియాలోని రెండు కాలేజీలకు బయల్దేరిన విద్యార్థులను, చేతిలో వీసా ఉన్నా, వెనక్కి పంపారు. దాంతో ఎయిర్ ఇండియా కొంతమందిని హైదరాబాద్‌లోనే విమానం ఎక్కనివ్వలేదు.

లోపలికి వచ్చాక ఎన్నాళ్లు ఉండొచ్చో చెప్పేది వీసా కాదు, ఐ-94 అనే రికార్డు. విద్యార్థుల ఐ-94లో ఇన్నాళ్లూ తేదీ బదులు ‘డీ/ఎస్’ అని వేస్తూ వచ్చారు. చదువు సక్రమంగా సాగినన్నాళ్లూ ఉండవచ్చని దాని భావం. యూనివర్సిటీ ఇచ్చే ఐ-20 పత్రం చెల్లుతూ, ఫుల్‌టైమ్ కోర్సులు చేస్తూ ఉంటే, వీసా గడువు తీరిపోయినా భయం లేదు.

ఇక్కడే ఒక చిన్న కూడిక ఉంది. ఎంఎస్ రెండేళ్లు, చదువయ్యాక పని చేసుకునే ఓపీటీ ఏడాది, స్టెమ్ (సైన్స్, ఇంజనీరింగ్ లాంటి) కోర్సుల వాళ్లకు మరో 24 నెలలు. మొత్తం ఐదేళ్లు. మనవాళ్లకు ఎఫ్-1 వీసా మామూలుగా ఇచ్చేదీ ఐదేళ్లకే. సరిపోయిందనుకుంటాం. కానీ వీసా లెక్క స్టాంపింగ్, అంటే పాస్‌పోర్టులో వీసా వేసిన రోజు నుంచే మొదలవుతుంది. చదువు మొదలయ్యేలోపే పోయిన నెలలు చివర్లో బయటపడతాయి. ఉద్యోగం కుదిరి, నాలుగు డబ్బులు చేతిలో ఆడి, ఇంట్లో పెళ్లి పెట్టుకునే సమయానికి వీసా అయిపోయి ఉంటుంది. ఉండటానికి ఇబ్బంది లేదు, వెళ్లి రావడానికే ఇబ్బంది.

తిరిగి రావాలంటే చెల్లే పాస్‌పోర్టు, చెల్లే వీసా, ఐ-20 మీద అంతర్జాతీయ విద్యార్థుల ఆఫీసు అధికారి అయిన డీఎస్‌ఓ చేసిన ట్రావెల్ సంతకం, మూడూ కావాలి. చదువుతున్నవాళ్లకు ఆ సంతకం 12 నెలలు పనికొస్తుంది, ఓపీటీ వాళ్లకు ఆరు నెలలే. ఈ కాగితాలు చేతి సంచిలో ఉండాలి. మనవాళ్లు ఐ-20ని చెకిన్ సూట్‌కేసులో సర్ది, ఆవకాయ సీసాను చేతి సంచిలో పెట్టుకుంటారు. సెక్యూరిటీ దగ్గర సీసా పోతుంది, దిగాక సూట్‌కేసు బెల్టు దగ్గరికి చేరాలంటే ముందు ఐ-20 చూపించాలి.

వీసా అయిపోయిందంటే స్టాంపింగ్ తప్పదు. ఒకప్పుడు డ్రాప్‌బాక్స్ ఉండేది, ఇంటర్వ్యూ లేకుండా పాస్‌పోర్టు పడేసి వచ్చేవాళ్లం. 2025 సెప్టెంబరు 2 నుంచి విద్యార్థులకు ఆ సదుపాయం దాదాపు పోయింది. ఆ నెల 6న మరో మాట చెప్పారు: ఎవరి దేశంలో వాళ్లు, లేదా నివాసం ఉన్న చోట దరఖాస్తు చేసుకోవాలి. ఏ దేశంలో ఇంటర్వ్యూ స్లాట్ దొరికితే ఆ దేశానికి ఎగిరిపోయే తెలివితేటలకు దాంతో తెరపడింది. కాబట్టి హైదరాబాద్ నానక్‌రామ్‌గూడలోని అమెరికా కాన్సులేటులో స్లాట్ చేతికొచ్చాకే టికెట్ మాట ఎత్తాలి. సోషల్ మీడియా ఖాతాలు అందరికీ కనిపించేలా పెట్టాలన్న నియమం 2025 జూన్‌లోనే వచ్చింది. ఇంటర్వ్యూ బాగా జరిగినా 221(జి) కాగితం ఇచ్చి ‘ఆగండి’ అనవచ్చు. ఎన్నాళ్లో చెప్పరు. చిలుకూరు బాలాజీ గుడిలో 11 ప్రదక్షిణలు చేసి మొక్కుకోవడం, వీసా వచ్చాక 108 చేయడం ఆనవాయితీ. 221(జి)కి ఎన్నో ఇంతవరకూ ఎవరూ తేల్చలేదు.

సీనియర్లు చెప్పే అడ్డదారి ఒకటుంది. కెనడాకో మెక్సికోకో వెళ్లి 30 రోజుల్లోపు తిరిగొస్తే, గడువు తీరిన వీసాతోనే రానిస్తారని. చాలావరకు నిజమే, అలాంటి నిబంధన ఉంది. అయితే అక్కడ కొత్త వీసాకు దరఖాస్తు పెట్టుకుంటే ఆ సౌకర్యం పోతుంది. ఇంకో మెలిక కూడా ఉంది. అమెరికా వీసా ఉన్న భారతీయులను మెక్సికో తన వీసా లేకుండానే రానిస్తుంది, కానీ ఆ అమెరికా వీసా చెల్లుతూ ఉండాలి. అంటే గడువు తీరినవాళ్లకు తిరిగి రావడానికి దారుంది, వెళ్లడానికే లేదు. ముందు మెక్సికో వీసా తీసుకోవాలి.

అసలు జాగ్రత్త పడాల్సింది ఉద్యోగ వీసా హెచ్-1బి లాటరీ తగిలినవాళ్లు. ఎఫ్-1 నుంచి హెచ్-1బికి స్టేటస్ మార్చమని కంపెనీ పెట్టిన దరఖాస్తు పెండింగులో ఉండగా దేశం దాటితే, ఆ మార్పు కోరికను వదిలేసుకున్నట్టే లెక్క. పిటిషన్ మిగలొచ్చు, కానీ బయట హెచ్-1బి స్టాంపింగ్ చేయించుకుని రావాలి. 2025 సెప్టెంబరు 21 నుంచి దాఖలైన కొత్త పిటిషన్ల మీద లక్ష డాలర్ల ఫీజు ప్రకటన వచ్చాక సంగతి మరీ ముదిరింది. స్టేటస్ మార్పు తేలకముందే దేశం విడిచి వెళ్తే ఆ ఫీజు వర్తిస్తుందని అక్టోబరులో అధికారులు స్పష్టం చేశారు. లక్ష డాలర్లంటే ఫంక్షన్ హాలు, క్యాటరింగు, డ్రోన్ ఫొటోగ్రాఫరు అన్నీ కలిపినా చాలామంది ఇళ్లలో అంత కాదు. కంపెనీ అది కడుతుందా అని ఆలోచించేకన్నా వీడియో కాల్‌లో అక్షింతలు వేయడం మేలు.

అబుదాబి మీదుగా వచ్చేవాళ్లకు అమెరికా ఇమిగ్రేషన్ అక్కడే అయిపోతుంది. 2014 నుంచి అమెరికా అధికారులే అక్కడ కూర్చుంటున్నారు. అక్కడైనా, అమెరికాలో దిగాకైనా ఏం చదువుతున్నావు, ఎక్కడుంటున్నావు, ఫీజు ఎవరు కడుతున్నారు అని అడుగుతారు. బట్టీ పట్టిన ఇంగ్లీషు వద్దు, ఉన్నదున్నట్టు చెబితే చాలు. ఫోను అడిగి చాటింగులు చూసే అధికారం కూడా వాళ్లకుంది. క్యాంపస్ బయట గ్యాస్ స్టేషన్లో చేసిన షిఫ్టుల లెక్కలు అందులో ఉంటే ప్రయాణం అక్కడితో ఆగవచ్చు. ‘నేనే వెనక్కి వెళ్తాను’ అని దరఖాస్తును ఉపసంహరించుకోనిస్తే కొంత నయం. అమెరికాలో దిగాక తక్షణ బహిష్కరణ ఉత్తర్వు వేస్తే సాధారణంగా ఐదేళ్లపాటు రాలేరు. వాళ్లు సంతకం పెట్టమన్న కాగితం ఈ రెండింట్లో ఏదో చదివాకే పెట్టాలి. తినుబండారాల సంగతి అడిగితే దాచకుండా చెప్పాలి. మామిడికాయ పచ్చడికి మామూలుగా పేచీ ఉండదు, కోడి పచ్చడి మాత్రం చెత్తబుట్టలోకే.

దిగాక ఎక్కువమంది మరిచిపోయే పని ఒకటుంది. అమెరికా సరిహద్దు తనిఖీ సంస్థ సీబీపీ వెబ్‌సైటులో ఐ-94 తీసి పేరు, తరగతి, గడువు చూసుకోవాలి. 2025 ఆగస్టులో అమెరికా ప్రభుత్వం ‘డీ/ఎస్’ పద్ధతి తీసేసి, నాలుగేళ్లకు మించని తేదీ వేయాలని ప్రతిపాదించింది. కాబట్టి సీనియర్ మాటకన్నా మీ ఐ-94లో ఏముందో అదే నమ్మండి. పొరపాటున ఎఫ్-1 బదులు టూరిస్టు అని పడిందనుకోండి, మీ తప్పేమీ లేకపోయినా దిద్దించుకోవాల్సింది మీరే. దానికోసం డిఫర్డ్ ఇన్‌స్పెక్షన్ ఆఫీసులు ఉన్నాయి. డీఎస్‌ఓకు మెయిల్ పెట్టి, దగ్గర్లో ఏది ఉందో కనుక్కుని వెళ్లండి. సెలవులు అయిపోయాయి కనుక ఈసారి డీఎస్‌ఓ సీటులోనే ఉంటారు.