కుదురుగా ఉండని పిల్లి బొమ్మ

పిల్లి బొమ్మ గీయమంటే కదిరిలో బడిపిల్లలైనా పెద్దవాళ్ళైనా దాదాపు ఒకే బొమ్మ గీస్తారు. ఒక సున్న, దాని మీద రెండు ముక్కోణపు చెవులు, అటు మూడు ఇటు మూడు మీసాలు. ఆ బొమ్మకు పిల్లి ఎదురుగా ఉండనక్కర్లేదు. పిల్లంటే ఇలా ఉంటుందని బుర్రలో దాచుకున్న గుర్తునే చెయ్యి కాగితం మీద దింపేస్తుంది. ఎదురుగా ఉన్న ప్రాణిని చూస్తూ గీయడం (లైఫ్ డ్రాయింగ్) మొదలుపెడితే ముందు పక్కన పెట్టాల్సింది ఆ గుర్తునే.

కదిరి చుట్టుపక్కల పిల్లికి కరువు లేదు. ఇది చెనక్కాయల సీమ. కదిరి-6, కదిరి-9, కదిరి లేపాక్షి అంటూ ఊరి పేరుతోనే వేరుశనగ రకాలు ఉన్నాయి. ఇంట్లో కాయల మూటలుంటే ఎలుకలు వస్తాయి, ఎలుకలొస్తే పిల్లి ఉండాల్సిందే. చిక్కల్లా అది కుదురుగా ఉండకపోవడం.

ఇప్పుడు అందరి చేతుల్లో ఫోనుంది కాబట్టి ఫొటో తీసి చూసి గీయొచ్చు కదా అనిపిస్తుంది. గీయొచ్చు. కానీ ఫోను దగ్గరగా పెట్టి తీస్తే తల పెద్దదై, వెనకకాళ్ళు చిన్నవై పోతాయి. అంతకన్నా పెద్ద నష్టం మరొకటి. మన కన్ను ఒక చూపులో స్పష్టంగా పట్టేది కొంచెమే. చాచిన చేతి బొటనవేలి గోరంత మేర. మిగతాదంతా మసక. అందుకే చూపు వీపు మీద నుంచి తొడకు, తొడ నుంచి తోకకు దూకుతూ పోతుంది. ప్రతి చూపుకూ, కాగితం వైపు తల తిప్పడానికీ మధ్య ఆ రూపాన్ని మనసులో పట్టుకోవాలి. ఆ రెండు మూడు క్షణాల జ్ఞాపకమే సాధనతో బలపడుతుంది. ఫొటో ఎప్పుడూ ఎదుటే ఉంటుంది కాబట్టి ఆ పని తప్పిపోతుంది.

మరి కదిలేదాన్ని ఎలా? పిల్లి కదిలినా, కాసేపటికి మళ్ళీ అదే భంగిమలోకి వస్తుంది. ముంగాళ్ళు మడిచి కూర్చోవడం, పక్కకు ఒరగడం, కాలెత్తి నాక్కోవడం లాంటివి దానికి కొన్నే ఉన్నాయి. ఒకే కాగితం మీద నాలుగైదు బొమ్మలు మొదలుపెట్టండి. కదలగానే ఆ బొమ్మ వదిలేసి పక్కన ఇంకొకటి. పాత భంగిమకు వస్తే పాత బొమ్మకు వెళ్ళండి. లియొనార్డో డావిన్చీ కూడా సుమారు 1513-18 మధ్య ఒకే కాగితం మీద ఇరవైకి పైగా బొమ్మలు వేశాడు. నిద్రపోయేవి, కొట్లాడుకునేవి, నాక్కునేవి, మధ్యలో సరదాకి ఒక చిన్న డ్రాగన్! ఆ కాగితం ఇంగ్లండు రాచకుటుంబపు సేకరణలో భద్రంగా ఉంది.

గీసేవాడికి ఎండాకాలం కలిసొస్తుంది. పిల్లికి పాదాల అడుగున తప్ప పెద్దగా చెమట పట్టదు. ఎండ 40 డిగ్రీలకు చేరిన మధ్యాహ్నం అది నడవాలో నాపరాయి బండ మీద పొడుగ్గా పరుచుకుంటుంది. పొట్ట బండకు ఆనితే ఒంటి వేడి రాతిలోకి దిగుతుంది. వెన్ను, పక్కటెముకలు, తొడ విడివిడిగా కనిపించేది అప్పుడే. చలికాలంలో వేడి పోకుండా ముడుచుకుంటే అంతా ఒక బొచ్చు ముద్ద.

భంగిమ దొరికాక కీళ్ళు వెతకాలి. ఇందుకు పాఠం మన జిల్లాలోనే ఉంది. ధర్మవరం దగ్గరి నిమ్మలకుంట తోలుబొమ్మలకు పేరు. అక్కడి దళవాయి చలపతిరావుకు 2020లో పద్మశ్రీ వచ్చింది. తోలుబొమ్మలో చేతులూ కాళ్ళూ విడి ముక్కలు, కీలు దగ్గర దారంతో కలుపుతారు. ఎక్కడ వంగాలో ముందే తెలియకపోతే బొమ్మ ఆడదు. పిల్లిని కూడా అలాగే చూడండి. వెనక్కాలిలో వెనక్కి తిరిగినట్టు కనిపించే వంపును చాలామంది మోకాలనుకుంటారు. అది మడమ. పిల్లి మునివేళ్ళ మీద నడుస్తుంది. అసలు మోకాలు పొట్ట పక్కన బొచ్చులో దాగి ముందుకు వంగుతుంది. ఈ ఒక్కటీ తెలిస్తే కాళ్ళు సగం కుదిరినట్టే.

భుజం ఇంకా విచిత్రం. పిల్లి మెడఎముక చిన్న పుల్లలాంటిది, మనకులా భుజాన్ని రొమ్ముకు కట్టెయ్యదు. కండరాలే పట్టి ఉంచుతాయి. అందుకే ఎలుక కోసం పొంచినప్పుడు భుజపు రెక్కలు రెండూ వెన్ను కన్నా పైకి లేస్తాయి. మూటల సందున ఒకసారి పక్కనుంచి గమనించండి.

ముందు మెడ నుంచి తోక దాకా ఒకే గీత, తర్వాత భుజం, తుంటి, ఆపైన తల. కళ్ళకు తొందరేం లేదు. అసలు కళ్ళలోకి అదేపనిగా చూస్తే పిల్లి దాన్ని బెదిరింపుగా తీసుకుని లేచిపోతుంది. వీపునే చూడండి. పాలు పోసి మంచి చేసుకుందామని చూస్తే వచ్చి కాగితం మీదే పడుకుంటుంది. కంటిపాప ఎండలో నిలువు గీతలా సన్నబడి, పొద్దు వాలేసరికి గుండ్రంగా విచ్చుకుంటుంది. సగం గీసిన ముఖాన్ని రేపు పూర్తిచెయ్యాలనుకుంటే కాగితం మూలన గంట రాసి పెట్టుకోండి.