పెరటి పొయ్యిగట్టు: రాయి, ఉక్కు, మేస్త్రీ

పండుగకు అరిసెల పాకం పట్టవలసి వచ్చినప్పుడు, నలుగురు చుట్టాలు దిగినప్పుడు నగరపు ఇరుకు వంటగది చాలదు. అందుచేత పెరటిలోనో, మేడమీదనో మరొక పొయ్యిగట్టు కట్టించుకొనే తెలుగు కుటుంబాలు చెన్నైలో ఉన్నాయి. ఇంటిలోపలి గట్టుకు లేని ముగ్గురు శత్రువులు బయటి గట్టుకు ఉంటారు: ఎండ, ఈశాన్య ఋతుపవనాల వాన, సముద్రపు ఉప్పుగాలి.

గట్టుపై పరచే రాయి అనగానే మనవారికి కడప బండ గుర్తుకు వస్తుంది. చవక, నునుపు, పైగా పుట్టింటి పేరు. అయితే అది సున్నపురాయి జాతికి చెందినది. చింతపండు పులుసుగాని నిమ్మరసంగాని ఒలికి కాసేపు నిలిచిందంటే దాని నల్లని ముఖం వెలిసిపోతుంది. ఎంత తోమినా ఆ మచ్చ పోదు. పులుపు లేని వంట మనకు లేదు గనుక పైపలకకు గ్రానైటే మేలు. కడప బండను గట్టు కింది అరలకు వాడండి, అక్కడ అది చక్కగా నిలుస్తుంది. కొట్టులో చూపిన నల్లరాయి ఏదో తెలియకపోతే, పాలిష్ లేని అంచుపై నిమ్మరసం చుక్క వేసి చూడండి. సున్నపురాయి అయితే సన్నని బుడగలు వస్తాయి. 20 మిల్లీమీటర్ల మందం గల గ్రానైట్ పలక చదరపు మీటరుకు సుమారు 54 కిలోలు తూగుతుంది, ఇటుక గోడల బరువు వేరు. కాబట్టి మేడమీద కట్టదలచినవారు స్థలం నిర్ణయించే ముందు ఇంజినీరును అడగవలసిందే.

తొట్టికి, తలుపులకు స్టెయిన్‌లెస్ స్టీలు అంటే సరిపోదు. 202 రకం ఉప్పుగాలికి త్వరగా తుప్పు పట్టుతుంది. 304 మెరుగు, సముద్రతీరపు ఇళ్లకు మాలిబ్డినం కలిసిన 316 ఇంకా మేలు, ధర మాత్రం ఎక్కువ. అయస్కాంతం అంటుకోలేదు గనుక మంచిదేనని కొందరు నమ్మబలుకుతారు. సాధారణంగా 202 రకానికీ అది అంటుకోదు! రకం సంఖ్యను బిల్లుపై వ్రాయించుకోవడమే మార్గం. ప్లైవుడ్ అరలను బయట పెట్టించకండి.

వంటగ్యాసు గాలికంటె బరువైనది, కారితే నేలమీద పేరుకొంటుంది. కనుక సిలిండరు అరకు గాలి రంధ్రాలు నేలమట్టంలో ఉండాలి. సిలిండరు నిలువుగా, పొయ్యి దానికంటె ఎత్తున ఉండాలి.

ఇక మేస్త్రీ. ఈ విషయంలో మా ఇంటి అనుభవం ఒకటి చెప్పక తప్పదు. తెలుగు మాట్లాడాడన్న ఒక్క కారణంతో మా నాన్నగారు ఒకరికి బయానాగా సగం సొమ్ము ఇచ్చారు. గట్టు సగంలో ఉండగా అతడు కనిపించకుండా పోయాడు. మన భాష వినగానే మనసు కరగడం పరాయి ఊరిలో సహజమే గాని, అది పనితనానికి హామీ కాదు. మేస్త్రీ కట్టిన పనులలో కనీసం రెండు వానాకాలాలు గడచినదానిని వెళ్లి చూడండి. ఆ ఇంటి ఇల్లాలిని అడగండి. ధర చదరపు అడుగుకా, రన్నింగ్ అడుగుకా అన్నది ముందే తేల్చుకోండి, తగాదాలకు తరచుగా మూలం అదే. ఒప్పందం తమిళంలో ఉంటే, చదవగలిగినవారిచేత పూర్తిగా చదివించుకొన్న తరువాతే సంతకం చేయండి.

సిమెంటు బస్తాపై తయారైన వారం, సంవత్సరం ముద్రించి ఉంటాయి. మూడు నెలలు దాటినదాని బలం తగ్గి ఉంటుంది. కట్టిన పనిని కనీసం పది రోజులు తడుపుతూ ఉండాలి. ఆ తడిపే పని ఎవరిదో కూడా ఒప్పందంలో వ్రాయించండి, లేకపోతే అది ఎవరిదీ కాకుండా పోతుంది.

సొమ్మును పని జరిగిన కొద్దీ ఇవ్వండి. పదోవంతు చివరికి నిలుపుకోండి. గట్టుపై ఒక బిందెడు నీళ్లు పోసి, అవి తూము వైపు పోతున్నవో గోడ వైపు పోతున్నవో చూచిన తరువాతనే ఆ మొత్తం చెల్లించండి.