చిన్న వేషము వచ్చిన బిడ్డ

బిడ్డల దుఃఖములు మనకు స్వల్పములుగా దోచును; వారికవి స్వల్పములు కావు. ఈ సంగతి మేము మా యింటనే నేర్చుకొంటిమి.

మా వారు ఉపాధ్యాయులు. పాఠశాల వార్షికోత్సవమునకు హరిశ్చంద్రుని కథను పిల్లలచే నాడింప నిశ్చయించి, వేషములు పంచిపెట్టిరి. మా తొమ్మిదేండ్ల కుమారుడు లోహితాస్యుని వేషము కట్టుదునని యెంతయో ఆశపడియుండెను. వానికి లభించినది దర్భలకై యడవికి బోయిన వటువులలో నొకని వేషము. లోహితుని పాము కరచెనని చంద్రమతితో జెప్పుటయే వాని పని; ఒక్కటే వాక్యము!

ఆ రాత్రి వాడు అన్నము ముట్టలేదు. "ఇంతమాత్రమునకే యేడ్చుచున్నావా?" యని మేము మందలించితిమి. వాడు కన్నీరు తుడిచికొని యూరకుండెను. దుఃఖము పోలేదు, మాకు గనబడకుండ దాగినది. మా వారితో జెప్పి వేషము మార్పింతమా యని మనస్సు ఊగిసలాడెను. కాని, లోహితుని వేషము దొరకిన బాలునకును ఇంట నొక తల్లి కలదు గదా!

మరునాడు విరాటపర్వకథ చెప్పితిమి. 12 ఏండ్ల వనవాసము ముగిసిన పిదప, ఒక యేడు భీముడు వలలుడై వంటలు వండెను. అర్జునుడు బృహన్నలయై నాట్యము నేర్పెను. ద్రౌపది సైరంధ్రియై సుదేష్ణకు తల దువ్వెను. వాడంతయు విని, "అర్జునునకు తుదకు గాండీవము దొరకినది; నాకేమి దొరకునమ్మా?" యనెను. మాకు బదులు తోచలేదు.

అంత కథలు మాని, "నేను చంద్రమతిని, నీ మాట నాతో జెప్పుము" అంటిమి. వాడు పాఠము వలె నప్పగించెను. "అడవినుండి పరుగెత్తి వచ్చినవానికి ఆయాసమేది? కన్నతల్లితో నట్టి మాట చెప్పుటకు నోరెట్లాడును?" అని యడిగితిమి. వాడు క్షణమాలోచించి, నూతిచుట్టు నాలుగుమారులు పరుగెత్తి వచ్చి, మా ముఖము జూచి, మాట పెగలక నిలిచి, పిదప జెప్పెను. మా యొడలు జలదరించెను.

ఉత్సవమునాడును వాడట్లే చెప్పెను. సభయంతయు నిశ్శబ్దమయ్యెను, ఆ వెనుకనే చంద్రమతి శోకము. చప్పట్లు మాత్రము లోహితునకే. ఇంటికి వచ్చుచు, "నేను చెప్పకున్న చంద్రమతికి తెలియదు గదమ్మా! అయినను, వచ్చే యేడు లోహితుడను నేనే" యనెను. మేము కాదనలేదు.

సోదరీమణులారా! బిడ్డ చిన్నవేషముతో నింటికి వచ్చినపుడు, ముందుగా వాని దుఃఖమును దుఃఖమని యొప్పుకొందము. ఉపాధ్యాయుని యొద్దకు రాయబారము పోకుందము. పిదప, ఆ వేషములో వాడు చేయవలసిన పని యేదో వానితో గూర్చుండి వెదకుదము.