ఏటిలో పడ్డ మనిషికి చిక్కం గడ

రెడ్డిగూడెం, నూజివీడు ప్రాంతాల్లో మామిడి తోట ఉన్నచోట చిక్కం గడ కూడా ఉంటుంది. పొడవాటి వెదురుగడ కొనకు చిన్న వలసంచి కట్టి ఉంటుంది. చెట్టెక్కకుండా నేలమీదే నిలబడి, కాయకు దెబ్బ తగలకుండా కోయడానికి అది సాధనం. ఏటిలో పడ్డ మనిషిని గట్టుకు చేర్చడానికి కూడా ఆ గడ పనికివస్తుందని మీరెప్పుడైనా ఆలోచించారా? ఆపదలో చిక్కుకున్న వారిని వెదికి కాపాడే స్వచ్ఛంద దళాలకు మొట్టమొదట నేర్పేది ఇదే. నీళ్ళలో దిగకుండా పని జరిగే దారి ఉంటే నీళ్ళలో దిగకూడదు.

ఈత బాగా వచ్చినవాడు దూకితే తప్పేమిటి అంటారా? చిన్న లెక్క వేసి చూద్దాం.

పెద్దవాళ్ళెవరినైనా వెంటబెట్టుకుని పంటకాలువ గట్టుకు వెళ్ళండి. గట్టు వెంట 10 మీటర్లు కొలిచి రెండు గుర్తులు పెట్టండి. ఎగువ గుర్తు దగ్గర ఒక మామిడాకు నీటిలో వేసి, దిగువ గుర్తు చేరడానికి ఎన్ని సెకన్లు పట్టిందో చూడండి. 10 సెకన్లు పడితే నీటి వేగం సెకనుకు 1 మీటరు. 5 సెకన్లే పడితే 2 మీటర్లు. చూడటానికి ఇది పెద్ద తేడాగా కనిపించదు. కాని నీరు తోసే బలం వేగాన్ని బట్టి కాక, వేగం వర్గాన్ని బట్టి పెరుగుతుంది. వేగం రెట్టింపయితే బలం నాలుగు రెట్లవుతుంది. తొడలలోతు నీటిలో నిలబడ్డ మనిషి కాళ్ళను సెకనుకు 1 మీటరు వేగంతో పోయే నీరు దాదాపు 10 కిలోల బరువంత బలంతో నెడుతుంది. అదే 2 మీటర్ల వేగమైతే 40 కిలోలు, 3 మీటర్లయితే 90 కిలోలు!

ఇంకో చిక్కు కూడా ఉంది. ఆర్కిమెడిస్ సూత్రం మీరు చదివే ఉంటారు. తొడలదాకా మునిగిన కాళ్ళు పక్కకు నెట్టిన నీటి బరువెంతో, అంత మేరకు మనిషి తేలికవుతాడు. అది పది పన్నెండు కిలోలు ఉండవచ్చు. అంటే ఒకవైపు నీరు తోస్తూ ఉంటే, మరోవైపు నేలమీద కాలి పట్టు తగ్గిపోతూ ఉంటుందన్నమాట. కారు సంగతీ అంతే. అడుగుభాగం వెడల్పుగా ఉంటుంది గనుక, రెండడుగుల నీటిలోనే అది తేలి కొట్టుకుపోగలదు. 2024 సెప్టెంబరు మొదట్లో ఖమ్మంలో మున్నేరు పొంగి, ప్రకాశ్‌నగర్ వంతెన మీద తొమ్మిది మంది చిక్కుకుపోయారు. ఒక డ్రైవరు జేసీబీ యంత్రం నడుపుకుంటూ వెళ్ళి వాళ్ళను తీసుకువచ్చాడు. ఏడెనిమిది టన్నుల బరువు, ఎత్తయిన చక్రాలు ఉండబట్టి ఆ యంత్రం నిలబడింది. అతని తెగువ మెచ్చుకోదగినదే. అయితే అదే ప్రయత్నం ట్రాక్టరుతోనో కారుతోనో చేస్తే ఏమయ్యేదో ఊహించండి.

పోనీ, నీరు నిలకడగా ఉంది, దూకినవాడు గజ ఈతగాడు అనుకుందాం. మునిగిపోయేవాడు చేతికి దొరికినదాన్ని కిందికి అదిమి తాను పైకి రావాలని చూస్తాడు. అది అతని తప్పు కాదు, ఊపిరి కోసం శరీరం చేసే పని. అతని చేతికి రక్షించ వచ్చినవాడి మెడ దొరికితే ఇద్దరూ మునుగుతారు. ఒకరిని తీయబోయి మరొకరు పోయారన్న వార్తలు మనం పత్రికల్లో చదువుతూనే ఉంటాం.

అందుకే ముందు గడ. గట్టుమీద నిలబడి అందించకూడదు సుమా! అవతలివాడు గుంజితే మీరూ పడతారు. బోర్లా పడుకోవాలి. అప్పుడు మీ గరిమనాభి నేలకు దగ్గరవుతుంది, పట్టు గట్టిగా ఉంటుంది. మరొకరు మీ కాళ్ళు పట్టుకుంటే ఇంకా మంచిది.

గడ అందని దూరమైతే తాడు. దాని కొనకు మూత బిగించిన ఖాళీ ప్లాస్టిక్ డబ్బా కట్టండి. 20 లీటర్ల డబ్బా పూర్తిగా మునిగితే 20 కిలోల నీటిని తొలగిస్తుంది. తన బరువు ఒక కిలో పోయినా, 19 కిలోలు మోయగలదు. మనిషి బరువు 60 కిలోలు గదా, ఇది చాలుతుందా? చాలుతుంది. మన శరీరం సాంద్రత ఇంచుమించు నీటి సాంద్రతే. మోయవలసిందల్లా నీటిపైన ఉండవలసిన తలను మాత్రమే, అంటే నాలుగైదు కిలోలు. (తోటలో పురుగుమందు డబ్బాలు పడి ఉంటాయి. వాటిని మాత్రం ముట్టుకోవద్దు.) తాడును నడుముకో చేతికో చుట్టుకోకూడదు, అవసరమైతే వెంటనే వదిలేయగలగాలి. పారే నీటిలో అవతలివాడు తాడు పట్టుకున్నాక, బలంకొద్దీ లాగనక్కరలేదు. మీరు కదలకుండా పట్టి ఉంచితే చాలు. తాడు చివర అతను లోలకంలా తిరుగుతూ మీవైపు గట్టుకే చేరతాడు.

ఈ పనికి ఒక్కడు చాలడు. ఎగువన ఒకరు నిలబడి కొట్టుకువచ్చే దుంగలను కనిపెట్టి కేక వేయాలి. దిగువన ఇంకొకరు రెండో తాడుతో సిద్ధంగా ఉండాలి. వేరొకరు 112కు ఫోను చేయాలి. కేక వేయడం, ఫోను చేయడం మీ వయసు వాళ్ళూ చేయగలరు.

వెదకడంలోనూ పద్ధతి ఉంది. చీకటిపడ్డాక తోటల్లో ఒక ముసలాయన దారి తప్పాడనుకోండి. అందరూ తలోదిక్కు పరుగెడితే ఒకే చోటును పదిసార్లు చూస్తారు, మరో చోటును అసలు చూడరు. ఆఖరిసారి ఎక్కడ కనిపించాడో తెలుసుకుని అక్కడినుంచి మొదలుపెట్టాలి. పాత మామిడి తోటల్లో చెట్లు సుమారు 10 మీటర్ల ఎడంలో సాళ్ళుగా ఉంటాయి గనుక, సాలుకొకరు చొప్పున వరసగా నడవవచ్చు. కొంతదూరం పోయాక ఈల వేసి, అందరూ ఒక్క నిమిషం పూర్తిగా మౌనంగా ఉండాలి. ఈ మౌనాన్ని చాలామంది మరిచిపోతారు. మూలుగు వినబడేది అప్పుడే.

గన్నవరం దగ్గర కొండపావులూరులో జాతీయ విపత్తు స్పందన దళం పదో బెటాలియన్ ఉంది గదా, మళ్ళీ ఊళ్ళలో దళాలెందుకు? 2024 సెప్టెంబరు 1న ఏం జరిగిందో చూడండి. రెడ్డిగూడెం పొరుగున ఉన్న మైలవరం కొండల్లో పుట్టే బుడమేరు పొంగి, గండ్లు పడి, విజయవాడ సింగ్‌నగర్ ప్రాంతాన్ని ముంచెత్తింది. పడవలు, హెలికాప్టర్లు, ఆహారం చేరవేసే డ్రోన్లు అన్నీ వచ్చాయి. కాని నీరు ఇంట్లోకి వచ్చిన మొదటి గంటల్లో పక్కన ఉండేది ఇరుగుపొరుగు వాళ్ళే. ఆ గంటల కోసమే జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ 2016లో ‘ఆపద మిత్ర’ పథకం ప్రారంభించింది. మొదట 30 జిల్లాల్లో జిల్లాకు 200 మంది చొప్పున 6,000 మందికి, తరువాత 350 జిల్లాల్లో లక్షమందికి శిక్షణ ఇవ్వాలని తలపెట్టింది. 18 నుంచి 40 ఏళ్ళ వారికి 12 రోజుల శిక్షణ ఇది. మీకింకా ఆ వయసు రాలేదు. అయితే మీ బడిలో స్కౌట్స్, ఎన్‌.సి.సి. ఉంటే వాటిలో చేరి, ముడులు, ప్రథమ చికిత్స ఇప్పుడే నేర్చుకోవచ్చు.

తాడు విసరడానికి మాత్రం నీళ్ళే అక్కరలేదు. ఆటస్థలంలో 15 మీటర్ల దూరాన ఒక బుట్ట పెట్టండి. గాలికి ఎగిరిపోకుండా డబ్బాలో కొద్దిగా నీళ్ళు పోయండి. తాడు కొసను కాలికింద తొక్కిపెట్టి, బుట్టకు అవతల పడేట్టు విసరండి. మొదటి విసురు గురి తప్పితే తాడు మళ్ళీ చుట్టుకుని రెండోసారి విసరడానికి ఎన్ని సెకన్లు పట్టిందో మీ స్నేహితుణ్ణి లెక్కపెట్టమనండి.