చల్లని ఎండ

రోళ్ళు పగిలే రోహిణీకార్తె ఎండల్లో పెరిగిన వాళ్ళం గనుక సార్నియా ఎండను మేము ఎన్నడూ లెక్కచేయలేదు. కిందటి జూలైలో కనటారా పార్కు ఒడ్డున, హ్యూరన్ సరస్సు మీది చల్లగాలిలో, పిల్లల్ని మధ్యాహ్నమంతా ఆడుకోనిచ్చాము. రాత్రికి మా అబ్బాయి భుజాలు మండిపోయాయి. నాలుగు రోజులకు తోలు పొరలుగా లేచింది. మన చామనచాయకు ఏమీ కాదన్న ధీమా మాకు అంతటితో పోయింది.

"చల్లగానే ఉందిగా, ఎలా కాలింది?" అన్నాడు వాడు. జవాబు చెప్పడానికి ఊరి దగ్గరి సౌర విద్యుత్ కేంద్రానికి తీసుకుపోయాము. రసాయన కర్మాగారాల ఊరు కదా మనది! ఆ కేంద్రం 2010లో 80 మెగావాట్లకు పెరిగి, కొంతకాలం ప్రపంచంలోకెల్లా పెద్దదనిపించుకుంది. పలకలే సుమారు 13 లక్షలు. కంచె బయట నిలబడి చెప్పాము: ఈ పలకలకు కావలసింది వెలుతురు, వేడి కాదు, వేడెక్కితే కరెంటు తగ్గుతుంది కూడా. చర్మాన్ని కాల్చేదీ వేడి కాదు, అతినీలలోహిత కిరణాలు. అవి కంటికి కనబడవు, చల్లగాలికి ఆగవు.

వాటిని కొలిచి చెప్పే యు.వి. సూచిక 1992లో కెనడాలోనే మొదలైంది. వాతావరణ వార్తల్లో ఆ అంకె 3కు చేరితే టోపీ, పొడుగు చేతుల చొక్కా, సన్‌స్క్రీన్ అవసరం. ఇక్కడ వేసవి మధ్యాహ్నాల్లో 7, 8 మామూలే. అంకెలు రాని పసివాళ్ళకు వేరే లెక్క ఉంది: నీ నీడ నీకంటే పొట్టిదైతే చెట్టు కిందికి రా.

ఇప్పుడు మా చిన్నది పెరట్లో మా నీడలను కూడా కొలుస్తోంది.